చేతికందని చోట రక్తస్రావం: ఛాతీలో తెగిన ధమనిని లోపలి నుంచి మూసే వైద్యం

కాలికో చేతికో గాయమై రక్తం చిమ్మితే పక్కనున్నవారు చేసే పని ఒకటే. చేతికందిన తువ్వాలు చుట్టి గట్టిగా అదిమిపడతారు. వైద్యం ఎంత ముందుకు పోయినా రక్తాన్ని ఆపడానికి ఇంతకు మించిన తొలి ఉపాయం లేదు. ఛాతీ లోపల ధమని తెగినప్పుడు మాత్రం ఈ ఉపాయం అక్కరకు రాదు. పక్కటెముకల పంజరం బయటి నుంచి ఒత్తిడిని లోపలికి పోనివ్వదు, లోపల కారుతున్న రక్తాన్ని బయటికి కనపడనివ్వదు. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ నడుమ మామూలుగా రెండు పలుచని పొరలూ వాటి మధ్య కాస్త తేమా తప్ప మరేమీ ఉండదు. ఆ సందులోకి రక్తం చేరడం మొదలైతే ఊపిరితిత్తి ముడుచుకుపోతూ చోటిస్తూ పోతుంది. ఒక్కో పక్కన దాదాపు 3 లీటర్ల దాకా రక్తం నిండగలదు. పెద్దవారి ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 5 లీటర్లు. అంటే బయట ఒక్క చుక్క కనపడకుండానే మనిషి తన రక్తంలో సగానికి పైగా పోగొట్టుకోవచ్చు.

రాయలసీమ జిల్లాల్లో ఇది అరుదైన విషయం కాదు. కర్నూలు నుంచి డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద జరిగే ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలిందా లేదా అన్నదే అందరూ మొదట అడుగుతారు, పక్కటెముకలు విరిగిన సంగతి ఆ తర్వాత గానీ గుర్తుకు రాదు. చింతపండు దులిపే కాలంలో చెట్టు మీద నుంచి జారి పడేవారు, పొలం గట్టున ట్రాక్టరు తిరగబడి స్టీరింగు ఛాతీకి గుద్దుకున్నవారు ఇదే కోవలోకి వస్తారు. వీరిలో చాలామంది లేచి కూర్చుంటారు, మాట్లాడతారు, నీళ్ళు అడుగుతారు. ‘పక్క పట్టేసింది’ అంటారు. గంటా రెండు గంటల తర్వాత ఆయాసం మొదలై, చేతులు చల్లబడి, నాడి వేగం పెరిగి, బీపీ పడిపోతుంది. కొందరిలో రక్తస్రావం మరుసటి రోజునో ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది. విరిగిన ఎముక మొన దగ్గుతోనో కదలికతోనో ధమనిని అప్పుడు కోయడం, లేదా మొదట కట్టిన గడ్డ ఊడిపోవడం దీనికి కారణం. అందుకే మొదటి ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాట మీద ఇలాంటి రోగిని ఇంటికి పంపడం సరి కాదు. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో రక్తం వీపు వెనుక పలుచగా పరుచుకుని కనపడకుండా పోవచ్చు. ఆ పూటే అల్ట్రాసౌండ్ పెట్టి చూడడం, మరికొన్ని గంటలకు మళ్ళీ ఎక్స్‌రే తీయడం మేలు.

ఏ ధమని తెగింది అన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. ఊపిరితిత్తి కండలోని రక్తనాళాల్లో ఒత్తిడి తక్కువ. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీలో అది ఐదో వంతు మాత్రమే ఉంటుంది. అక్కడి నుంచి కారే రక్తం ఊపిరితిత్తి మళ్ళీ విచ్చుకోగానే చాలావరకు తనంతట తానే ఆగిపోతుంది. ఛాతీ గోడలోని ధమనులు అలాంటివి కావు. ప్రతి పక్కటెముక కింది అంచున ఒక చిన్న గాడి ఉంటుంది, దానిలో సిరా, ధమనీ, నరమూ కలిసి నడుస్తాయి. పక్కటెముకల మధ్య మూడో సందు నుంచి పదకొండో సందు దాకా ఈ ధమనులు వెన్ను దగ్గర నేరుగా బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) నుంచే పుడతాయి కనుక వాటిలో ఒత్తిడి గుండె కొట్టినంత బలంగానే ఉంటుంది. ముందువైపు రొమ్ము ఎముక పక్కన పై నుంచి కిందికి దిగే ధమని మరొకటి ఉంది. గుండెకు బైపాస్ చేసేటప్పుడు వాడుకునే మామరీ ధమని అదే. పక్కటెముకల సందుల్లో వెనుక నుంచి వచ్చే ధమనీ, ముందు నుంచి వచ్చే దీని కొమ్మా ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. చికిత్సలో చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఈ కలయికను గుర్తుంచుకోవాలి.

ఛాతీలో రక్తం చేరిందని తేలితే మొదట వేసేది ఆ రక్తాన్ని బయటికి తీసే ఐసీడీ గొట్టం. చంక కింద, సుమారుగా అయిదో సందులో, ధమనిని తప్పించడానికి కింది పక్కటెముక పై అంచును ఆనుకుని, వేలు దూరేంత దారి చేసి, గొట్టం లోపలికి పంపి, రెండో కొసను నీటి సీసాలోకి దించుతారు. ఛాతీకి దెబ్బ తగిలి రక్తం చేరినవారిలో పది మందికి ఎనిమిది, తొమ్మిది మంది ఈ గొట్టంతోనే గట్టెక్కుతారు, వారికి మరే ఆపరేషనూ అవసరం రాదు. గొట్టం చికిత్స మాత్రమే కాదు, సాక్షి కూడా. వార్డులో అనుభవమున్న సిస్టరు ఒకరు సీసా పక్కన తెల్ల ప్లాస్టరు ముక్క నిలువుగా అంటించి, గంట గంటకూ రక్తం ఏ మట్టానికి వచ్చిందో పెన్నుతో గీత గీసి పక్కన వేళ రాస్తారు. రోగికి ఏ దారిలో వైద్యం చేయాలో తేల్చేది చాలాసార్లు ఆ గీతల మధ్య దూరమే. గొట్టం వేయగానే 1500 మిల్లీలీటర్లకు పైగా రక్తం రావడం, లేదా ఆ తర్వాత రెండు నుంచి నాలుగు గంటల పాటు గంటకు 200 మిల్లీలీటర్లు వస్తూనే ఉండడం ఛాతీ తెరవవలసిన స్థితికి గుర్తులని వైద్యులందరూ నేర్చుకునే కొలత. అయితే అంకె ఒక్కటే చాలదు. సీసాలో రక్తం ఆగిపోయిందని సంతోషించే ముందు గొట్టంలో గడ్డ అడ్డుపడిందేమో చూడాలి, రోగి నాడిని చూడాలి.

ఇంతవరకు వచ్చాక రెండు దారులు చీలుతాయి. రక్తం ఎక్కించినా బీపీ నిలవని రోగికి ఆపరేషన్ థియేటరే దారి. పక్కటెముకల మధ్య కోసి, ఛాతీ తెరిచి, తెగిన చోటును చూసి కుట్టడం, ప్రాణం పోయే వేళ అంతకంటే త్వరగా జరిగేది మరొకటి లేదు. ఇక్కడ రెండో దారి, అంటే ధమని లోపలి నుంచి సన్నని గొట్టం పంపి తెగిన చోటును మూసే వైద్యం, గొప్పదని వాదించడం ప్రమాదకరం. రక్తం ఎక్కిస్తే కుదుటపడి, ఎక్కించడం ఆపగానే మళ్ళీ జారిపోయే రోగి, లేదా సీసాలో గీతలు నెమ్మదిగా కానీ ఆగకుండా పైకి పోతున్న రోగి, అలాగే వయసు మీరి, గుండె బలం చాలక పెద్ద ఆపరేషనును తట్టుకోలేని రోగి, వీరికే రెండో దారి నిజంగా ఉపయోగపడుతుంది. థియేటరులో ఛాతీ తెరిచినా వెన్ను పక్కన, ఎముక చాటున తెగిన ధమనిని పట్టుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే. అక్కడికి లోపలి నుంచి వెళ్ళడం తేలిక.

ఆ ప్రయాణానికి పటం సీటీ స్కాను. చేతి సిరలోకి అయోడిన్ మందు ఎక్కించి, అది ధమనుల్లో నిండిన క్షణంలో స్కాను తీస్తే, తెగిన చోట మందు ధమని గీత దాటి తెల్లని మరకలా బయట కనిపిస్తుంది. తర్వాతి దశలో తీసిన బొమ్మలో ఆ మరక పెద్దదైతే రక్తం ఇంకా పారుతున్నట్టే. ఏ వైపు, ఎన్నో సందు, వెనుక నుంచి వచ్చే ధమనా, ముందు నుంచి వచ్చేదా అన్నది ఇక్కడే తెలిసిపోతే క్యాథ్ ల్యాబులో, అంటే ఎక్స్‌రే తెర మీద చూస్తూ ధమనుల్లోకి గొట్టం పంపే గదిలో, వెతుకులాట తగ్గుతుంది.

క్యాథ్ ల్యాబులో జరిగే పని మూలసూత్రం పాతదే. ధమనిలోకి సూది గుచ్చి, సూది గుండా మెత్తని తీగ పంపి, సూదిని తీసేసి, తీగ మీదుగా గొట్టాన్ని జార్చే పద్ధతిని స్వీడన్‌కు చెందిన స్వెన్ ఐవార్ సెల్డింగర్ 1953లో ప్రచురించారు. నేడు గుండెకు వేసే స్టెంట్లన్నీ ఆ దారిలోనే వెళ్తున్నాయి. రోగి మెలకువగానే ఉంటాడు. గజ్జ దగ్గర చర్మానికి తిమ్మిరి మందు ఇచ్చి, తొడ ధమనిలోకి 5 ఫ్రెంచ్ గొట్టాన్ని పంపుతారు. మూడు ఫ్రెంచులు ఒక మిల్లీమీటరు కనుక దాని మందం రెండు మిల్లీమీటర్లకు లోపే. అది పొట్టలోని బృహద్ధమని మీదుగా పైకి పోయి, వెన్నుపూసల పక్కన వరుసగా ఉండే చిన్న ద్వారాల్లో కావలసినదాన్ని వెతుక్కుంటుంది. గొట్టం కొసను చిన్న కొక్కెంలా వంచి ఉంచడం ఈ ద్వారానికి తగులుకోవడానికే. మందు కొద్దిగా వదలగానే తెర మీద పక్కటెముక కింద ధమని నల్లని గీతలా మెరుస్తుంది. తెగిన చోట ఆ గీత ఆగిపోయి, పొయ్యి గొట్టం నుంచి లేచిన పొగలా ఒక నల్లని మబ్బు ఛాతీ సందులోకి వ్యాపిస్తుంది. అంతసేపూ కనపడకుండా కారిన రక్తం గదిలో ఉన్నవారందరికీ మొదటిసారి కంటికి కనిపించేది అప్పుడే.

ఆ గొట్టం లోపలి నుంచి ఒక మిల్లీమీటరు కంటే సన్నని మరో గొట్టాన్ని తెగిన చోటు దాకా నడిపించి, ప్లాటినం తీగతో చేసిన చిన్న చుట్టలను దాని గుండా వదులుతారు. గొట్టంలో ఉన్నంతసేపూ తిన్నగా ఉండే ఈ కాయిల్ బయటికి రాగానే స్ప్రింగులా చుట్టుకుని ధమనిలో చిక్కుకుంటుంది. దాని మీద ఉన్న సన్నని పోగులు రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. ఎదురెదురుగా కలిసే ధమనుల సంగతి ఇక్కడ అక్కరకు వస్తుంది. తెగిన చోటుకు వెనుకవైపు మాత్రమే మూసి తృప్తి పడితే, ముందు నుంచి వచ్చే కొమ్మ గుండా రక్తం తిరిగి అదే చోటుకు చేరుతుంది. కనుక గొట్టాన్ని తెగిన చోటు దాటించి అవతల ఒక కాయిల్, ఆ తర్వాత ఇవతల ఒక కాయిల్ పెట్టాలి. ధమని పూర్తిగా రెండుగా తెగి అవతలికి దాటడం కుదరకపోతే ముందువైపు మామరీ ధమని గుండా మరో దారిలో వెళ్ళి ఆ కొసను మూయాలి. వెనుక కాయిల్ పెట్టాక ముందు ధమనిలో మందు వదిలి చూడకుండా గొట్టాన్ని బయటికి తీయడం పనిని సగంలో వదిలినట్టే.

ఈ చికిత్సలో వైద్యుడికి గుండె దడ పుట్టించే విషయం మరొకటి. వెన్నుపాము కింది భాగానికి రక్తం ఇచ్చే ముఖ్యమైన ధమని ఈ పక్కటెముకల ధమనుల్లో ఏదో ఒకదాని నుంచి పుడుతుంది. 1882లో దాన్ని వర్ణించిన ఆడమ్‌కీవిచ్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఎక్కువమందిలో అది ఎడమవైపు, ఛాతీ వెన్నుపూసల్లో తొమ్మిదోదానికీ పన్నెండోదానికీ మధ్యలో ఉంటుంది, కానీ అందరిలోనూ కాదు. తెర మీద అది ఆడవారి జడపిన్నులా పైకి పోయి మడత తిరిగి కిందికి దిగే సన్నని గీతగా కనిపిస్తుంది. ఆ ధమని మూసుకుపోతే రక్తం ఆగవచ్చు గానీ రోగి కాళ్ళు చచ్చుబడిపోతాయి. అందుకే మూసే ముందు మందు నెమ్మదిగా వదిలి, బొమ్మను నిలిపి, ఆ గీత కోసం ప్రత్యేకంగా చూడాలి. కనిపిస్తే గొట్టాన్ని దాని పుట్టుక దాటి ఎంతో ముందుకు పంపగలిగితేనే మూయాలి, లేకపోతే మానుకుని సర్జనును పిలవాలి. మూసే పదార్థం ఎంపికలోనూ ఇదే జాగ్రత్త ఉంది. కాయిల్ వేసిన చోటనే ఉంటుంది. జిగురు, సన్నని రేణువులు రక్తంతో పాటు ఎక్కడికైనా కొట్టుకుపోగలవు.

కర్నూలు, కడప ఆసుపత్రుల్లో ఛాతీ రక్తస్రావమంటే చాలామందికి గుర్తొచ్చేది ప్రమాదాలు కాదు, దగ్గితే పడే రక్తం. కారణాల్లో క్షయ ముందుంటుంది. బేతంచెర్ల చుట్టుపక్కల పాలిష్ బండల పనిలో, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో, రాతిని కోసి నునుపు చేసే ప్రతిచోటా ధూళి పీల్చడం రోజువారీ సంగతి. ఆ ధూళిలో సిలికా ఉన్న చోట ఊపిరితిత్తులు దెబ్బతినడమే కాక క్షయ అంటుకునే ప్రమాదమూ పెరుగుతుంది. క్షయకు మందులు పూర్తిగా వాడి నయమైన వ్యక్తికి కూడా పాత మచ్చల చుట్టూ, గుల్లల చుట్టూ శ్వాసనాళాల ధమనులు ఏళ్ళ తరబడి వాచి, మెలితిరిగి, పెళుసుగా మిగిలిపోతాయి. మామూలుగా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేని ఈ ధమని రెండు మిల్లీమీటర్లు దాటిందంటే అనుమానించవలసిందే. ఎక్కువ మొత్తంలో దగ్గుతో రక్తం పడేవారిలో పదింట తొమ్మిది వంతులు ఈ ధమనులదే తప్పు. ఇక్కడ మనిషిని చంపేది రక్తం పోవడం కాదు, ఊపిరాడకపోవడం. శ్వాసనాళాలన్నీ కలిపి పట్టేది 150 మిల్లీలీటర్లే, అంటే ఒక టీ గ్లాసు రక్తం లోపల నిలిచిపోయినా చాలు. ఏ పక్క నుంచి రక్తం వస్తోందో తెలిస్తే ఆ పక్క కిందికి వచ్చేలా పడుకోబెట్టడం వల్ల రెండో ఊపిరితిత్తి మునగకుండా మిగులుతుంది. ఇంట్లోవారు ఆదుర్దాతో వెల్లకిలా పడుకోబెట్టి నీళ్ళు తాగించడం దీనికి సరిగ్గా వ్యతిరేకం.

దీనికి చేసే చికిత్స కూడా గజ్జ దారినే, క్యాథ్ ల్యాబులోనే జరుగుతుంది. ఛాతీలోని అయిదు, ఆరో వెన్నుపూసల మట్టంలో బృహద్ధమని నుంచి పుట్టే శ్వాసనాళ ధమనిలోకి గొట్టం పంపి మూస్తారు. 1970ల తొలి సంవత్సరాల్లో ఫ్రాన్సులో మొదలైన ఈ పద్ధతి నేడు ప్రపంచమంతటా ఉంది. కానీ ఇక్కడ కాయిల్ వాడడం పొరపాటు. దెబ్బ తగిలి తెగిన ధమనిని ఒకసారి మూస్తే పని అయిపోతుంది. క్షయ గుల్లల విషయంలో జబ్బు లోపలే ఉంటుంది, నెలలకో ఏళ్ళకో పక్క కొమ్మల నుంచి రక్తం మళ్ళీ రావడం తరచుగా జరిగేదే. మొదట్లోనే కాయిల్ పెట్టి ద్వారం మూసేస్తే రెండోసారి అదే దారిలో లోపలికి పోవడం కుదరదు. అందుకే 300 నుంచి 500 మైక్రాన్ల రేణువులను వదిలి, లోపలి చిన్న కొమ్మలను మూసి, ద్వారాన్ని తెరిచే ఉంచుతారు. అంతకంటే సన్నని రేణువులు ఊపిరితిత్తి సిరల్లోకి జారి, గుండె దాటి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. క్షయ గుల్లలో శిలీంధ్రం గడ్డకట్టినవారికి ఈ చికిత్స ప్రాణం నిలిపే గడువు మాత్రమే ఇస్తుంది. ఆ గడువులో ఆపరేషనుకు తగినవారా కాదా అన్నది తేల్చుకోవాలి.

బృహద్ధమనే చిట్లిన సందర్భం వేరు. వేగంగా పోతున్న వాహనం ఒక్కసారిగా ఆగినప్పుడు ఎడమ చేతికి పోయే ధమని దాటగానే ఉన్న మలుపులో అది చిరుగుతుంది. చాలామంది ప్రమాద స్థలంలోనే మరణిస్తారు, పై పొర ఒక్కటే అడ్డుగా మిగిలినవారు మాత్రం ఆసుపత్రి చేరతారు. వారికి లోపలి నుంచి గుడ్డ తొడుగు ఉన్న స్టెంటును విచ్చుకునేలా చేసి చిరుగును కప్పుతారు. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో సర్జను నికొలాయ్ వొలొదోస్ 1987లోనే దెబ్బ వల్ల కలిగిన బృహద్ధమని ఉబ్బుకు ఈ పని చేశారు. రోగి కొలతకు సరిపడే తొడుగు చేతిలో ఉండాలి కాబట్టి ఇది ప్రతి పట్టణంలో జరిగేది కాదు. పెద్ద కేంద్రానికి చేరేదాకా బీపీని, నాడి వేగాన్ని మందులతో అదుపులో ఉంచడమే ఇక్కడి బాధ్యత.

పక్కటెముక ధమనిని మూయడం అంత దూరపు పని కాదన్నది గట్టిగా చెప్పవలసిన విషయం. కర్నూలు, కడప, అనంతపురం పట్టణాల్లో గుండెకు స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబులు ఉన్నాయి. అదే యంత్రం, అదే అయోడిన్ మందు, చాలావరకు అవే తీగలు దీనికీ సరిపోతాయి. అదనంగా కావలసింది కొన్ని రకాల కాయిళ్ళు, సన్నని గొట్టాలు, వెన్ను ధమనిని గుర్తుపట్టే కన్ను ఉన్న రేడియాలజిస్టు, పక్కనే సిద్ధంగా సర్జను, రాత్రి రెండు గంటలకైనా వీరందరినీ ఒక్క ఫోనుతో కూర్చగల ఏర్పాటు. యంత్రం కొనడం కంటే ఈ చివరిది కష్టం, కానీ ప్రాణాలు ఎక్కువగా నిలిపేది అదే. ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు అంతకు రెట్టింపు. ఛాతీలో గొట్టం వేయకుండా, రక్తం సిద్ధం చేయకుండా, అవతలి ఆసుపత్రికి ఫోను చేయకుండా అంబులెన్సు ఎక్కించిన రోగికి ఆ దూరం చాలా ఎక్కువ.

మొదటి ఆసుపత్రిలో చేయగలిగినది తక్కువేమీ కాదు. గొట్టం వేయాలి, దారిలో దాన్ని క్లాంపుతో బిగించకూడదు. దెబ్బ తగిలిన 3 గంటల్లోపు, కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడే ట్రానెగ్జామిక్ ఆమ్లం 1 గ్రాము పది నిమిషాల్లో సిరలోకి ఇచ్చి, మరో గ్రాము 8 గంటల పాటు ఎక్కించాలి. భారతదేశంతో సహా 40 దేశాల్లో 20 వేల మందికి పైగా రోగులపై జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధన దీని విలువను చూపింది. 3 గంటలు దాటాక ఇస్తే మేలు పోయి కీడే జరగవచ్చని కూడా తేలింది. ఒళ్ళు చల్లబడితే రక్తం గడ్డకట్టదు కనుక దుప్పటి కప్పడం కూడా వైద్యమే. సెలైను సీసాల మీద సీసాలు ఎక్కించి బీపీ అంకెను మురిపించడం కంటే తొందరగా రక్తం ఎక్కించడం మంచిది. నీళ్ళు కలిసిన రక్తం తెగిన చోట నిలవదు.

కాయిల్ రక్తం కారడాన్ని ఆపుతుంది, కారిపోయిన రక్తాన్ని తీయదు. చిన్న రంధ్రంతో అంతా అయిపోయిందని ఊరట పడిన కుటుంబాలకు ఈ మాట ముందే చెప్పాలి. గొట్టం గుండా రాకుండా గడ్డకట్టిన రక్తం లోపల ఉండిపోతే చీము పట్టవచ్చు, లేదా వారాలు గడిచేకొద్దీ గట్టి తొక్కలా మారి ఊపిరితిత్తిని విచ్చుకోనివ్వకుండా బంధిస్తుంది. గొట్టం వేసిన రెండు మూడు రోజుల తర్వాత కూడా సీటీలో గడ్డ కనిపిస్తే, వారం దాటకముందే రెండు మూడు చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి దాన్ని శుభ్రం చేయడం సులువు. ఆలస్యమైతే తొక్క ఒలవడానికి ఛాతీ తెరవవలసి వస్తుంది, మొదట తప్పించుకున్నామనుకున్న పెద్ద కోతే తిరిగి ఎదురవుతుంది. విరిగిన ఎముకల నొప్పికి భయపడి లోతుగా ఊపిరి తీయని, దగ్గని రోగికి న్యుమోనియా వస్తుంది. నొప్పికి సరిపడా మందు ఇచ్చి, మూడు బంతుల పరికరంతో గంటకోసారి ఊపిరి పీల్చే సాధన చేయించాలి.

ప్లాటినం కాయిల్ ఒంట్లో జీవితాంతం ఉంటుంది. దానివల్ల నొప్పి ఉండదు, పనికి అడ్డు రాదు. ఎముకలు అతుక్కున్నాక మళ్ళీ మూట ఎత్తవచ్చు, ట్రాక్టరు నడపవచ్చు. తర్వాత ఎప్పుడైనా ఎమ్మారై తీయవలసి వస్తే మాత్రం లోపల ఏ కంపెనీ కాయిల్, ఎన్నో పక్కటెముక దగ్గర, ఏ తేదీన పెట్టారో అక్కడివారు అడుగుతారు. డిశ్చార్జి కాగితంలో ఆ వివరాలు రాయించుకుని, ఆరోగ్యశ్రీ కార్డు దాచుకునే కవరులోనే ఆ కాగితాన్నీ పెట్టుకోవాలి.